ఆపరేషనా, నార్మలా: నిర్ణయం లేబర్ రూంలో మొదలవ్వదు

హైదరాబాద్‌లో ఈమధ్యే బాలింతలైన ఆడవాళ్లను పలకరించి, ఆపరేషన్ ఎందుకు చేశారని అడగండి. వచ్చే జవాబులు నాలుగైదే ఉంటాయి. ఉమ్మనీరు తగ్గిందట. పేగు మెడకు చుట్టుకుందట. బిడ్డ కడుపులోనే మోషన్ పోసిందట. తేదీ దాటినా నొప్పులు రాలేదట. బిడ్డ బరువు ఎక్కువట. డాక్టరమ్మ చెప్పింది, ఇంట్లోవాళ్లు హడలిపోయారు, భర్త సంతకం పెట్టాడు, గంటలో బిడ్డ చేతికొచ్చింది. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు కాబట్టి తర్వాత ఎవరూ ఆ ఊసెత్తరు. కానీ ఆ ఐదు మాటల్లో ఏది ప్రాణం మీదికొచ్చే సంగతి, ఏది కాసేపు ఆగి చూడదగ్గది, ఏది ఒంటరిగా అసలు కారణమే కాదు అన్నది చాలా ఇళ్లలో ఇప్పటికీ తెలియదు.

గర్భిణి ఉన్న ఇంట్లో తయారీకి లోటుండదు. శ్రీమంతం, చీరలు, ఉయ్యాల, పాత నూలు చీరలు చింపి మెత్తగా ఉతికిన పొత్తిగుడ్డలు, అన్నీ సిద్ధమవుతాయి. వాటితోపాటు ఈ మాటల అర్థం కూడా ఏడో నెలకల్లా ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. లేబర్ రూం బయట కుర్చీలో కూర్చుని, టెన్షన్‌లో నేర్చుకునే విషయాలు కావివి.

ముందు లెక్కలు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద ఇది 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులను విడిగా తీస్తే 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిందేమిటంటే, ఒక ప్రాంతం మొత్తంలో సిజేరియన్లు నూటికి పది దాటాక, వాటిని ఇంకా పెంచినంత మాత్రాన తల్లుల మరణాలు, పసికందుల మరణాలు తగ్గినట్టు కనబడలేదని. అంటే మన దగ్గర జరిగే ఆపరేషన్లలో చాలా వాటి వల్ల తల్లి ప్రాణానికిగానీ బిడ్డ ప్రాణానికిగానీ అదనంగా ఒరిగేదేమీ లేకపోవచ్చని అర్థం. అయితే ఫలానా అమ్మాయికి చేసింది అవసరమా కాదా అన్నది ఈ అంకె చెప్పదు. ఆ సంగతి ఆమె ఫైల్ చూస్తే తప్ప తెలియదు.

డబ్బు కోసమే కోస్తున్నారని తేల్చేయడం తేలిక. ప్రైవేటులో డబ్బు ప్రభావం లేదని ఎవరూ అనలేరు. కానీ పైసా తీసుకోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా 44.5 ఎందుకుంది? డబ్బు ఒక్కదానితో ముడి విడిపోదు. ఆసుపత్రి తీరు, ఇంటివాళ్ల భయం, పంచాంగం, మొదటి కాన్పుకే పడిన కోత, ఇవన్నీ ఒకదాన్నొకటి లాగుతుంటాయి.

ఆ మాటలకు అర్థమేంటి

ఉమ్మనీటితో మొదలుపెడదాం. స్కాన్ రిపోర్టులో ఏఎఫ్ఐ, అంటే ఉమ్మనీటి కొలత, అని రాసి ఒక అంకె వేస్తారు. 5 నుంచి 25 సెంటీమీటర్ల దాకా మామూలు లెక్కే. 5 లోపుకు దిగితే తగ్గినట్టు. కొన్ని చోట్ల అన్నిటికంటే లోతైన నీటి గుంటను కొలుస్తారు, అది 2 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే తగ్గినట్టు. ఎనిమిదో నెల దాటాక ఉమ్మనీరు తనంతట తాను కొంత తగ్గుతూ వస్తుంది. అందుకే పోయిన స్కాన్‌లో 13 ఉంది, ఇప్పుడు 8 అయిందని బెంబేలెత్తాల్సిన పనిలేదు. నిజంగానే 5 లోపుకు పడితే, నెలలు నిండి ఉంటే, బిడ్డ గుండె బాగుంటే, డాక్టర్లు సాధారణంగా ముందు చూసేది నొప్పులు తెప్పించడం గురించి. నీరు తగ్గడంతోపాటు బిడ్డ ఎదుగుదల ఆగినా, రక్తప్రసరణ తేడాగా ఉన్నా అప్పుడు దారి మారుతుంది. కాబట్టి నీరు తగ్గిందని చెప్పినప్పుడు అడగాల్సింది, ఎంతకు తగ్గింది, బిడ్డ ఎదుగుదల ఎలా ఉంది అని.

పేగు మెడకు చుట్టుకోవడం వినడానికే ఒళ్లు జలదరించే మాట. ఉరి పడిందేమోనని అమ్మమ్మలు దేవుడికి మొక్కుకుంటారు. కానీ కడుపులో బిడ్డ ముక్కుతో గాలి పీల్చుకోదు. ఆ పేగులోని రక్తం ద్వారానే దానికి ప్రాణవాయువు అందుతుంది. ప్రతి నాలుగైదు కాన్పుల్లో ఒకదాంట్లో పేగు మెడ చుట్టూ ఉంటుంది, చాలావరకు వదులుగానే ఉంటుంది. తల బయటికి రాగానే నర్సమ్మ వేలుతో దాన్ని తల మీదుగా తప్పించేస్తుంది. పేగు నలిగి రక్తం అందకపోతేనే ముప్పు, అది బిడ్డ గుండె చప్పుడులో తెలుస్తుంది. కేవలం స్కాన్‌లో పేగు చుట్టు కనబడిందన్న ఒక్క కారణంతో ఆపరేషన్ తేదీ వేయించుకోవడం సరైన పని కాదు.

బిడ్డ మోషన్ పోయడం నూటికి పది పదిహేను కాన్పుల్లో జరిగేదే, తేదీ దాటిన కొద్దీ ఇంకా ఎక్కువ. ఉమ్మనీరు పల్చగా, కొద్దిగా ఆకుపచ్చగా ఉండి గుండె చప్పుడు సరిగ్గా ఉంటే, కనిపెట్టుకుని ఉంటూ నార్మల్‌కే ముందుకు వెళ్తారు. చిక్కగా ఉండి, గుండె చప్పుడు కూడా పడిపోతుంటే ఆలస్యం పనికిరాదు. ఒకే మాటకు ఇంత తేడా ఉంది చూడండి.

ఇక తేదీ. చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కేసి ఇచ్చే తేదీ అది. సరిగ్గా ఆ రోజే పుట్టేవాళ్లు నూటికి నలుగురైదుగురు. మిగతా అందరూ అటో ఇటో. తల్లీబిడ్డా బాగుంటే 41 వారాలు నిండేదాకా చూసి, అప్పటికీ నొప్పులు రాకపోతే మందులతో తెప్పించడం మామూలు పద్ధతి. అలా తెప్పించినప్పుడు మొదటి కాన్పుకు ఒక రోజంతా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా పట్టొచ్చు. పొద్దున జెల్ పెట్టారు, సాయంత్రానికి ఇంకా ఏమీ కాలేదు, ఇక లాభం లేదు కోసేయండని ఇంటివాళ్లే ఒత్తిడి చేయడం సర్వసాధారణం. డాక్టర్ ఆగుదామన్నా వీళ్లు ఆగరు.

బిడ్డ బరువు స్కాన్‌లో చెప్పేది అంచనా మాత్రమే. అసలు బరువుకూ దానికీ నూటికి పది పదిహేను తేడా రావచ్చు. మూడున్నర కిలోలన్న అంకె ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. తల్లికి షుగరుంటే లెక్క వేరు, బరువుతోపాటు బిడ్డ భుజాలు ఇరుక్కునే భయం కూడా చూస్తారు. అలాగే అమ్మాయి పొట్టిగా ఉంది, దారి ఇరుకు అనే మాట. బిడ్డ తలకు దారి సరిపోతుందా లేదా అన్నది చాలామందిలో నొప్పులు వచ్చి, తల కిందికి దిగే క్రమంలోనే తేలుతుంది. తొమ్మిదో నెల చెకప్‌లో మనిషి ఎత్తు చూసి చెప్పగలిగేది కాదు.

మరి ప్రశ్నలు వేయకుండా తలూపాల్సిన సందర్భాలు లేవా? ఉన్నాయి. మాయ గర్భసంచి ద్వారానికి అడ్డంగా ఉండటం, బిడ్డ అడ్డం తిరిగి ఉండటం, ఉమ్మనీరు పోయాక పేగు బిడ్డకంటే ముందు జారి రావడం, మాయ ముందే విడిపోయి రక్తం పోవడం, గుండె చప్పుడు పడిపోయి తిరిగి లేవకపోవడం. ఇలాంటప్పుడు సిజేరియన్ ప్రాణదాత. దీన్ని చెడ్డదిగా చూపించి, ఆపరేషన్ అయిన తల్లులను తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు కోపం. ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డకు మన దగ్గర ఎక్కువగా ఆపరేషనే చేస్తారు గానీ, 36, 37 వారాలప్పుడు పొట్ట మీద చేతులతో ఒత్తి బిడ్డను తిప్పే ప్రయత్నం ఒకటుంది. అందరికీ పనికిరాదు, చేస్తే సుమారు సగం మందిలో ఫలిస్తుంది. అది తెలిసిన డాక్టర్ ఎవరున్నారని ముందే కనుక్కోవచ్చు.

పైన చెప్పిన ప్రతి మాటా చివరికి బిడ్డ గుండె దగ్గరికే వచ్చి ఆగింది కదా, అదెలా చూస్తారో కూడా తెలిసి ఉంటే మంచిది. పడుకోబెట్టి పొట్టకు రెండు బెల్టులు కడతారు. పక్కనున్న మిషన్ లోంచి పొడుగాటి కాగితం వస్తుంటుంది. దాని మీద పైగీత బిడ్డ గుండెది, నిమిషానికి 110 నుంచి 160 మధ్య చిన్నచిన్న రంపపు పళ్లలా కదులుతూ ఉండాలి. కింది గీత నొప్పులది, నొప్పి వచ్చినప్పుడల్లా గుట్టలా లేస్తుంది. నొప్పి రాగానే పైగీత కాస్త దిగి మళ్లీ లేస్తే వెంటనే భయపడక్కర్లేదు. నొప్పి తగ్గాక దిగి, నెమ్మదిగా లేస్తూ, అదే పదేపదే జరుగుతుంటే డాక్టర్లు కంగారు పడతారు. ఆ కాగితాన్ని చదివి తీర్పు చెప్పడం మన పని కాదు. అయితే బిడ్డ గుండె ఎలా ఉందమ్మా, ఇప్పుడే చేయాలా, రెండు గంటలు ఆగొచ్చా, ఆగితే ఏం చూస్తారు అని అడిగే హక్కు మనకుంది. మర్యాదగా అడిగితే చాలామంది డాక్టర్లు చెబుతారు. మరో సంగతి, మేజరైన స్త్రీ స్పృహలో ఉంటే తన ఒంటికి జరిగే ఆపరేషన్‌కు తానే ఒప్పుకోవాలి. భర్త సంతకం, మామగారి సంతకం దాని బదులు కాదు. సంతకం పెట్టే ఆ ఒప్పుకోలు కాగితం ముందు ఆమె చేతికి రావాలి.

ఎక్కడ కాన్పు, ఎవరి చేతిలో

ఇద్దరు డాక్టర్లతో నడిచే చిన్న నర్సింగ్ హోమ్ సంగతి ఆలోచించండి. మొదటి కాన్పు నొప్పులు పద్దెనిమిది గంటలు పట్టొచ్చు. ఆ పద్దెనిమిది గంటలూ పక్కన కూర్చోవడానికి శిక్షణ ఉన్న మనిషి లేదు. అర్ధరాత్రి గుండె చప్పుడు పడిపోతే మత్తు డాక్టర్ ఎక్కడి నుంచో కారేసుకుని రావాలి. ఏదైనా జరిగితే బంధువులు వచ్చి అద్దాలు పగలగొడతారన్న భయం ఒకటి. అలాంటి చోట పగటిపూట, అందరూ అందుబాటులో ఉన్నప్పుడు ఆపరేషన్ చేసేయడమే డాక్టర్‌కు క్షేమంగా తోస్తుంది. ఆమె చెడ్డది కాకపోవచ్చు. ఆ ఏర్పాటే నొప్పుల కోసం ఎదురుచూడటానికి పనికొచ్చేలా లేదు.

అందుకే ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు ఏసీ గదులు, బిడ్డకు తొడిగే ఫొటో షూట్ బట్టల కంటే ముందు కొన్ని సంగతులు అడగాలి. రాత్రంతా మత్తు డాక్టర్ లోపలే ఉంటారా? పసిపిల్లల ఐసీయూ ఆ భవనంలోనే ఉందా, లేక బిడ్డను అంబులెన్స్‌లో వేరే చోటికి పంపాలా? నొప్పులప్పుడు తల్లి పక్కన ఇంటి మనిషిని ఉండనిస్తారా? అన్నిటికంటే పదునైన ప్రశ్న ఇంకొకటుంది. మొదటి కాన్పు, ఒకటే బిడ్డ, తల కిందికే ఉంది, నెలలు నిండాయి, నొప్పులు వాటంతటవే వచ్చాయి, ఇలాంటి వాళ్లలో మీ దగ్గర ఎంతమందికి ఆపరేషన్ అవుతోంది? క్లిష్టమైన కేసులు మా దగ్గరికే వస్తాయండీ అనే జవాబు ఈ ప్రశ్నకు వర్తించదు, ఎందుకంటే అడిగింది సులువైన కేసుల గురించే. ప్రపంచవ్యాప్తంగా ఆసుపత్రులు తమ సిజేరియన్లను బేరీజు వేసుకోవడానికి వాడే పది గుంపుల వర్గీకరణలో ఇది మొదటి గుంపు.

నొప్పులు పడే మనిషి పక్కన నమ్మకమైన తోడు విడవకుండా ఉంటే నార్మల్ అయ్యే అవకాశం పెరుగుతుందని, సిజేరియన్లు తగ్గుతాయని అనేక దేశాల్లో జరిగిన అధ్యయనాలు చెప్పాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన లక్ష్య కార్యక్రమం కూడా ప్రభుత్వ లేబర్ రూముల్లో తోడును ఉండనివ్వాలనే చెబుతోంది. ఇక తోడుగా ఉండటమే వృత్తిగా నేర్చుకున్నవాళ్లు మిడ్‌వైఫ్‌లు. ఈ విషయంలో హైదరాబాద్ దేశానికే దారి చూపించిన ఊరు. 1948లో మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది, 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం దానితో, యునిసెఫ్‌తో కలిసి ప్రభుత్వ నర్సులకు కూడా పద్దెనిమిది నెలల శిక్షణ ఇప్పించింది. నొప్పుల్లో నడిపించడం, బంతి మీద కూర్చోబెట్టడం, వెల్లకిలా కాకుండా పక్కకో, మోకాళ్ల మీదో ఉండి కాన్పయ్యేలా చూడటం, భయపడినప్పుడు ధైర్యం చెప్పడం వాళ్ల పని. మీరు చూపించుకునే చోట మిడ్‌వైఫ్ ఉందో లేదో అడగండి.

ప్రభుత్వ ఆసుపత్రి అంటే మొహం తిప్పుకునేవాళ్లు ఒకసారి ఆలోచించాలి. పేట్లబుర్జు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రులు, గాంధీ, నీలోఫర్ లాంటి చోట్ల అనుభవమున్న డాక్టర్లు ఇరవైనాలుగు గంటలూ ఉంటారు. 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. కొరత ఉన్నది జాగాకు, ఓపికగా మాట్లాడే మనిషికి. గట్టిగా కసురుకునే ఆయాలు, కిక్కిరిసిన వార్డులు కూడా నిజమే. ప్రైవేటుకు వెళ్తే ప్యాకేజీలో ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మందు), బిడ్డ ఐసీయూ ఖర్చు కలిశాయా అని రాతపూర్వకంగా తీసుకోండి. బిడ్డను నాలుగు రోజులు బాక్సులో పెట్టాల్సి వస్తే బిల్లు అక్కడే తడిసి మోపెడవుతుంది. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. సొంతంగా తీసుకున్న పాలసీల్లో ప్రసూతి ఖర్చుకు చాలావాటిలో నెలల నుంచి ఏళ్ల దాకా ఆగాల్సిన గడువు ఉంటుంది. గర్భం వచ్చాక కొంటే ఈ కాన్పుకు అక్కరకు రాదు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. తొలి కాన్పు తల్లిగారింట్లోనే. కాపురం కూకట్‌పల్లిలో, తల్లిగారిల్లు నల్లగొండలో అయితే, ఏడో నెల దాకా ఇక్కడ ఒక డాక్టర్ చూస్తుంది, ఒడిబియ్యం పోసుకుని వెళ్లాక అక్కడ ఇంకో డాక్టర్. తొమ్మిదో నెలలో మొదటిసారి చూసే మనిషికి ఈ అమ్మాయి బీపీ మొదట్నుంచీ ఎంత ఉండేదో, మొదటి మూడు నెలల స్కాన్ ప్రకారం తేదీ ఎంతో తెలియదు. ముఖ్యంగా ఆ తొలి స్కాన్ తేదీయే నమ్మదగ్గది, తర్వాతి స్కాన్లలో మారే తేదీలు కాదు. ఆ కాగితం పోతే, 39 వారాల బిడ్డ 41 అయిపోయిందని పొరబడే ప్రమాదం ఉంది. అమ్మ దగ్గర ఉంటే వచ్చే ధైర్యం వేరు, ఆ ఆచారం పోవాలని నేననను. వెళ్లేదేదో ఆరో నెలలోనే నిర్ణయించుకుని, అక్కడి డాక్టర్‌ను ఒకసారి ముందే కలిసి, ఫైల్ మొత్తం చేత్తో తీసుకెళ్లాలి.

ముహూర్తం, నొప్పి, భయం

నక్షత్రం చూసి కోయించే ఆపరేషన్ల గురించి 2022లో అప్పటి ఆరోగ్య మంత్రి హరీశ్‌రావే బహిరంగంగా మాట్లాడాల్సి వచ్చిందంటే ఇది ఎంత పాకిందో తెలుస్తుంది. ఇందులో నమ్మకం మాట నేనెత్తను. వైద్యపరంగా జరిగేది మాత్రం చెప్పాలి.

పంతులుగారు మంచిరోజు చూసేటప్పుడు అమావాస్య రాకుండా, మూల నక్షత్రం పడకుండా, శూన్యమాసం మొదలుకాకముందే అని వెనక్కి జరుపుతూ వస్తారు. అలా జరిపితే అది 37, 38 వారాల్లో పడుతుంది. నొప్పులు మొదలైనప్పుడు బిడ్డ ఊపిరితిత్తుల్లోని నీరు ఇంకిపోయే ప్రక్రియ కూడా మొదలవుతుంది. నొప్పులే రాకుండా, 39 వారాలు నిండకుండా తీసిన బిడ్డలో ఆ నీరు మిగిలిపోయి, పుట్టగానే ఆయాసపడే అవకాశం ఎక్కువ. అలాంటి బిడ్డలను తల్లికి దూరంగా బాక్సులో పెట్టి ఆక్సిజన్ ఇస్తారు. మంచి ఘడియలో పుట్టిన బిడ్డ మొదటి రెండు రోజులు తల్లి ఒడి చూడదు. ముహూర్తం తెల్లవారుజామున మూడింటికి పడితే ఇంకో ముప్పు, ఆసుపత్రిలో సిబ్బంది అతి తక్కువగా ఉండే వేళ అది.

వేరే కారణంతో ఎలాగూ ఆపరేషన్ తప్పనివాళ్లు ఉంటారు. వాళ్లకు డాక్టర్ 39 వారాలు దాటాక చేయొచ్చని చెబితే, ఆ వారంలో పగటిపూట మంచి రోజు చూసుకోవడంలో నాకేమీ తప్పు కనబడదు. తల్లికి బీపీ పెరగడం లాంటివి ఉంటే డాక్టరే ఇంకా ముందు చేయమనొచ్చు. అది వైద్యం చెప్పిన తేదీ.

ముహూర్తం కంటే బలమైన కారణం నొప్పంటే భయమని నాకనిపిస్తుంది. నా బిడ్డ ఆ బాధ పడలేదు, కోసేయండి అని తల్లులే అడుగుతారు. నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే ఎపిడ్యూరల్ ఉంది. దానివల్ల సిజేరియన్లు పెరగవని పెద్ద అధ్యయనాలు తేల్చాయి. నార్మల్ నొప్పి ఒక రోజుది. కోత నొప్పి, లేచి కూర్చోలేని ఇబ్బంది వారాల తరబడి ఉంటాయి, తర్వాతి కాన్పుల్లో మాయ పాత కోత మీద అతుక్కునే ప్రమాదం ప్రతి ఆపరేషన్‌తో పెరుగుతుంది. ఈ రెండో సగం అమ్మాయికి ఎవరూ చెప్పరు.

దొంగ నొప్పులకే ఆసుపత్రికి పరుగెత్తడం కూడా ఆపరేషన్‌కు దారితీస్తుంది. గర్భసంచి ద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పుల దశ మొదలైనట్టని, గంటకు ఒక సెంటీమీటర్ చొప్పున తెరుచుకోవాలన్న పాత నియమం అందరికీ వర్తించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అంతకుముందు దశ ఎంతసేపైనా పట్టొచ్చు. ఆ సమయం ఇంట్లో నడుస్తూ, తింటూ, స్నానం చేస్తూ గడిపితే మేలు. ఐదు నిమిషాలకోసారి, నిమిషం సేపు ఉండే నొప్పులు గంట పాటు ఆగకుండా వస్తుంటే బయల్దేరాలి. మియాపూర్ నుంచి పేట్లబుర్జు వెళ్లేవాళ్లు ట్రాఫిక్ చూసుకుని ఇంకాస్త ముందే కదలాలి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలికలు తగ్గినా, తీవ్రమైన తలనొప్పితో కళ్లు మసకలు కమ్మినా గడియారం చూడకుండా వెంటనే వెళ్లిపోవాలి.

ఇదంతా గర్భం రాకముందే మొదలయ్యే సంగతి కూడా. మొదట్లో చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణ గర్భిణుల్లో సగానికి పైగా, 53.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువున్న మనిషికి కాన్పులో మామూలుగా పోయే రక్తమే ప్రాణాపాయం కావచ్చు. పిల్లలు కావాలనుకున్నప్పుడే హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బీపీ చూపించుకుని, రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. మేనరికమైతే ఇంట్లో ఇంతకుముందు పిల్లలకు వచ్చిన జబ్బుల సంగతి డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి. ఐరన్ మాత్రను టీతోనో, కాల్షియం మాత్రతోనో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు. ఈ చిన్న మాట చెప్పకపోవడం వల్ల నెలల తరబడి మాత్రలు మింగినా రక్తం పెరగని ఆడవాళ్లున్నారు.

బిడ్డ చేతికొచ్చాక

ఆపరేషన్ అయినా మొదటి గంటలోనే బిడ్డకు పాలు పట్టొచ్చు. నడుముకు మత్తిస్తే తల్లి మెలకువగానే ఉంటుంది, ఎవరైనా పట్టుకుంటే బిడ్డను రొమ్ముకు ఆనించవచ్చు. ఇది జరగాలంటే ఒకరు ముందే అడిగి ఉండాలి, లేకపోతే బిడ్డ బయట బంధువుల చేతుల్లో, తల్లి లోపల ఉండిపోతారు. పాలు రాలేదు, డబ్బా పాలు తెండి అనే కబురు మొదటి రోజే వస్తుంది. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు, చెంచాల్లోనే ఉంటాయి, బిడ్డ పొట్టకు అవి చాలు. ఆ రోజుల్లో బిడ్డ బరువు కొద్దిగా తగ్గడం కూడా మామూలే. ఐదో రోజుకల్లా రోజుకు ఆరుసార్లు ఒంటికి పోస్తుంటే పాలు చాలుతున్నట్టు. నెలలు నిండని, తల్లిపాలు అందని పిల్లల కోసం నీలోఫర్‌లో ధాత్రి అనే తల్లిపాల బ్యాంకు ఉంది.

నాలుక మీద తేనె రాయడం వద్దు, ఏడాది నిండేదాకా తేనె ప్రమాదమే. వసకొమ్ము, గ్రైప్ వాటర్, కంటికి కాటుక కూడా వద్దు. ఇవి చెప్పినప్పుడు అత్తగారికీ కోడలికీ మాటామాటా పెరుగుతుంది. అందుకే ఎనిమిదో నెల చెకప్‌కు అత్తగారినో అమ్మనో వెంటబెట్టుకెళ్లి డాక్టర్ నోటితోనే చెప్పించడం మంచిదని నా సలహా.

కామెర్లు సగానికి పైగా పిల్లల్లో రెండు మూడు రోజులకు కనబడతాయి, చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా, అరిచేతులు అరికాళ్ల దాకా పాకినా, బిడ్డ మగతగా ఉండి పాలు తాగకపోయినా వెంటనే చూపించాలి. పొద్దుటి ఎండలో పెట్టడం దానికి చికిత్స కాదు.

బాలింత సంగతి అందరూ మరిచిపోతారు. నీళ్లు తక్కువ తాగాలి, చెమ్మ చేస్తుంది అంటారు. ఆపరేషన్ అయిన మనిషికి అది అన్నిటికంటే చెడ్డ సలహా. నీళ్లు తగ్గించి మంచం దిగకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, మలబద్ధకంతో కుట్ల దగ్గర నరకం. వెల్లుల్లి కారం, నెయ్యి పెట్టండి, దాంతోపాటు కూరలు, పప్పు, గుడ్డు, కావలసినన్ని నీళ్లు కూడా ఇవ్వండి. గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము పట్టినా, తలపోటు విపరీతంగా ఉన్నా పురుడు, మైల అని చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కాన్పయ్యాక మొదటిసారి బీపీ పెరిగేవాళ్లూ ఉన్నారు.

మొదటి వారం కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, బిడ్డను చూస్తే ఏమీ అనిపించడం లేదని అంటే, అది జబ్బు. గారాబం కాదు, గాలి సోకడం కాదు. మందులున్నాయి, పాలిచ్చే తల్లి వేసుకోదగ్గవే ఉన్నాయి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో ఉచితంగా మాట్లాడతారు.

డిశ్చార్జ్ అయ్యే రోజు హడావుడిలో బిల్లు, మందులు చూసుకుంటారు గానీ డిశ్చార్జ్ కాగితం ఎవరూ చదవరు. ఆపరేషన్ ఎందుకు చేశారో, ద్వారం ఎంత తెరుచుకున్నాక చేశారో, గర్భసంచి మీద కోత ఏ తీరుగా పెట్టారో అందులో ఉండాలి. లేకపోతే అక్కడే అడిగి రాయించుకోండి. రెండో కాన్పుకు కనీసం ఏడాదిన్నర, రెండేళ్లు ఎడం ఉంచి మళ్లీ గర్భం దాల్చినప్పుడు, కింది భాగంలో అడ్డకోత ఉండి, మొదటి కారణం మళ్లీ లేకపోతే, నార్మల్‌కు ప్రయత్నించవచ్చు. ఎంచి చూసుకున్నవాళ్లలో నూటికి 60 నుంచి 80 మందికి నార్మల్ అవుతుంది. పాత కోత విచ్చుకునే ప్రమాదం 200 మందిలో ఒకరికి ఉంటుంది కాబట్టి, వెంటనే ఆపరేషన్ చేయగలిగిన పెద్ద ఆసుపత్రిలోనే ఆ ప్రయత్నం చేయాలి. ఒకసారి కోస్తే మళ్లీ కోతే అని ఎవరైనా అన్నప్పుడు, కొత్త డాక్టర్ మొదట అడిగేది ఆ కాగితమే.